అయ్యగారు ‘ఆఁ’ అన్నారు

కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడును బట్టి ఇల్లాలి మనసు తెలుసుకోవడం ఏ మొగుడికైనా పనికొచ్చే విద్య. పళ్ళ డాక్టరు ఆ విద్యలో ఆరితేరినవాడు. ఆ రోజు పొద్దున గ్లాసు టక్కుమంది. కాఫీలో సగం సాసరులో పడింది. డాక్టరు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

“సాయంత్రం తమ్ముడి కొత్త ఇంట్లో ప్రార్థన. నేను వెళ్ళాలా, మానాలా?” అంది భార్య.

“నిన్ను వద్దన్నదెవరు?”

“వాడే. బావ లేకుండా ఒక్కదానివీ గడప తొక్కొద్దన్నాడు. మీరేమో వాడొచ్చి పిలిస్తే తప్ప రానంటారు. ఇద్దరూ బాగానే ఉన్నారు, మధ్యలో నేనే పుట్టిల్లు లేనిదాన్నయ్యాను.”

డాక్టరు సాసరులో కాఫీ గ్లాసులోకి ఒంపుకుంటూ జవాబు దాటేశాడు. దాటెయ్యడం తప్ప చేసేదేమీ లేదు. ఎందుకంటే తగువు మొదలుపెట్టింది తనే.

బావమరిది వడ్రంగి. మంచి పనివాడు. చర్చికి కొత్త ప్రసంగపీఠం కావాలంటే కూలి అక్కర్లేదని, రాత్రనకా పగలనకా కూర్చుని చెక్కి, నునుపు పెట్టి, అద్దంలా మెరిపించి తెచ్చాడు. సంఘం అంతా చుట్టూ మూగి మెచ్చుకుంటోంది. డాక్టరు కూడా మెచ్చుకోవడానికే ముందుకెళ్ళాడు. పీఠం మీద చెయ్యి వేశాడు. అది కాస్త కదిలింది. వృత్తి అలవాటు కొద్దీ ఇటూ అటూ ఊపి చూసి, “ఇదేంటి, పాలపన్నులా ఊగుతోంది” అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. వడ్రంగి మొహం మాత్రం పీఠం కంటే ఎర్రబడింది. “మా అమ్మకి నువ్వు కట్టిన పళ్ళకంటే నయమే బావా. ఆవిడ నోరారా పాట పాడితే అవి ఒళ్ళో పడుతున్నాయి” అన్నాడు. ఈసారి ఇంకా ఎక్కువమంది నవ్వారు.

మర్నాడు అత్తగారు తన కట్టుడు పళ్ళను టిఫిను డబ్బాలో పెట్టి క్లినిక్కి పంపేసింది. అల్లుడి పళ్ళతో నవ్వడం కంటే చిగుళ్ళతో ఏడవడం నయమని కబురు కూడా పెట్టింది. అప్పట్నుంచి ఆవిడ అన్నం మెత్తగా పిసుక్కుని తింటోంది. డబ్బా క్లినిక్ సొరుగులో ఉంది. డాక్టరు ఆ సొరుగు తెరవడం మానేశాడు.

విషయం పాస్టరుగారి దాకా వెళ్ళింది. ఆయన డాక్టరును పక్కకు పిలిచి, “మాట జారింది మీరు. పెద్దవారు కూడానూ. వెళ్ళి ఒక్కసారి తప్పయిందని చెప్పండి, తేలిపోతుంది” అన్నారు.

ఇక్కడ డాక్టరు గురించి ఒక మాట చెప్పుకోవాలి. పాస్టరుగారంటే అతనికున్న గౌరవం ఆ సంఘంలో ఇంకెవరికీ లేదు. అయ్యగారి స్కూటరు చప్పుడు వినబడితే తింటున్న పళ్ళెం ముందు నుంచి లేచి నిలబడతాడు. ప్రసంగంలో ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగితే చాలు, వెనక గోడ అదిరేలా ఆమెన్ అంటాడు. అందుకే ఊళ్ళో అతనికి ఆమెన్ డాక్టరని పేరు. క్లినిక్కి ఏ రంగు వెయ్యాలో, పిల్లని ఏ బళ్ళో చేర్చాలో, ఆఖరికి మీసం ఉంచాలో తియ్యాలో కూడా అయ్యగారిని అడిగే చేశాడు. అలాంటివాడు ఈ ఒక్క విషయంలో మాత్రం, అది అయ్యగారు అన్ని వివరాలూ తెలిశాక చెప్పిన మాట కాదని, తెలిస్తే ఇంకోలా చెప్పేవారని నమ్మకం పెట్టుకున్నాడు. వివరాలు చెప్పడానికి వెళ్ళడం, ఆయన మళ్ళీ ఆ మాటే చెప్పడం, ఇతను మళ్ళీ కొత్త వివరం వెతుక్కోవడం జరుగుతూ వస్తోంది.

“ఇవాళ ఆయన పన్ను తీయించుకోవడానికి మీ దగ్గరికే వస్తున్నారుగా,” అంది భార్య, “ఇంకోసారి అడగండి. ఆయన ఏమంటే అదే చేద్దాం. వెళ్ళమంటే వెళ్దాం, మానమంటే మానేద్దాం. ఇంకెప్పుడూ ఈ ఊసెత్తను.”

డాక్టరుకు ఇది నచ్చింది. అయ్యగారి మాట ఎలా ఉన్నా శిరసావహిస్తానని మాటిచ్చి బయల్దేరాడు. దారి పొడుగునా ప్రశ్నను ఎలా అడగాలా అని ఆలోచిస్తూనే ఉన్నాడు. కాస్త నేర్పుగా అడిగితే కాస్త అనుకూలంగా జవాబు రాకపోదు.

మిగతా పేషెంట్లు రాకముందే పాస్టరుగారు వచ్చారు. ఎడమ బుగ్గ బూరెలా పొంగింది. డాక్టరు ఎదురెళ్ళి, కుర్చీని తన జేబురుమాలుతో తుడిచి, తల పెట్టుకునే చోట ఉతికిన తువ్వాలు పరిచాడు. అయ్యగారు కూర్చుంటూ ఏ పన్ను నొప్పి పెడుతోందో, ఎలా పెడుతోందో, రాత్రంతా ఏ వైపు తిరిగి పడుకున్నారో వివరంగా చెప్పుకొచ్చారు. డాక్టరు ప్రతి మాటకీ చిత్తం చిత్తం అంటూ, తువ్వాలు మడతలు సర్దుతూ, మనసులో ప్రశ్నకు మెరుగు పెట్టుకున్నాడు. లైటు కంట్లో పడుతుందని అయ్యగారి కళ్ళజోడు తానే తీసి భద్రంగా కోటు జేబులో వేసుకున్నాడు.

“డాక్టరుగారూ, మీ బావమరిది సంగతి...” అని అయ్యగారు మొదలుపెట్టబోయారు.

“నోరు తెరవండి అయ్యగారూ” అన్నాడు డాక్టరు.

ఇంజక్షను పడింది. మూతి మొద్దుబారింది. అసిస్టెంటు అమ్మాయి ఉమ్మి లాగే గొట్టం పెదవికి తగిలించింది. డాక్టరు పట్టకారు చేతిలోకి తీసుకుని, పన్ను పట్టుకుని, అప్పుడు గొంతు సవరించుకున్నాడు.

“అయ్యగారూ, మీరు పెద్ద మనసుతో ఆలోచించి చెప్పండి. వయసులో చిన్నవాడు, సంఘంలో చిన్నవాడు, వరసకి తమ్ముడిలాంటివాడు. అతనే ముందు రావడం మర్యాద కదండీ?”

“ఆఁ!” అన్నారు పాస్టరుగారు.

డాక్టరు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఇంత సులువుగా తేలుతుందని అనుకోలేదు. “అంటే నేను వెళ్ళనక్కర్లేదంటారు?”

“ఆఁ! ఆఁ!” అంటూ అయ్యగారు రెండు చేతులూ ఊపారు.

“విన్నావుగా?” అన్నాడు డాక్టరు అసిస్టెంటుతో.

“నోరు తెరిచినవాళ్ళు అందరూ అదే అంటారండి” అందా అమ్మాయి.

డాక్టరు ఆ మాట చెవిన పెట్టలేదు. ఉత్సాహంగా లాగడం మొదలుపెట్టాడు. పన్ను మాత్రం ఓ పట్టాన రాలేదు. పుచ్చిన పన్ను ఇంత గట్టిగా ఉండటం తన సర్వీసులో చూడలేదు. అయ్యగారి పన్ను కూడా ఆయన విశ్వాసంలాగే దృఢమైనదని భక్తిగా అనుకుంటూ, కాలు కుర్చీకి తన్నిపెట్టి లాగాడు. చివరకు పన్ను వచ్చింది. అసిస్టెంటు దాన్ని కడిగి చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి అయ్యగారి చేతిలో పెట్టింది. తీసిన పన్ను పేషెంటుకే ఇచ్చెయ్యడం ఆ క్లినిక్ పద్ధతి.

అయ్యగారు లేచి కూర్చుని, దూది కరిచిపెట్టిన నోటితోనే వేలెత్తి ఏదో చెప్పబోయారు. డాక్టరు కంగారుగా అడ్డుపడ్డాడు. “వద్దు అయ్యగారూ. మాట్లాడితే రక్తం ఆగదు. రేపు పొద్దున దాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. ఇది డాక్టరుగా చెబుతున్నాను.”

పాస్టరుగారు కాసేపు అతని వంక చూశారు. తర్వాత వేలు దించి, నోరు మూసుకుని, తలవంచి నమస్కారం పెట్టారు. కళ్ళజోడు లేక గుమ్మం కనబడక తడుముకుంటుంటే అసిస్టెంటు అమ్మాయి చెయ్యి పట్టుకుని ఇంటి దాకా దిగబెట్టి వచ్చింది.

డాక్టరు వెంటనే భార్యకు ఫోను చేశాడు. అయ్యగారు ఆలోచించి, చేతులు ఊపి మరీ చెప్పారని, చిన్నవాడే రావాలని, ఇక ఈ ఊసు ఎత్తకూడదని తేల్చేశాడు. అయ్యగారి మాట అన్నాక చేసేదేముంది? భార్య కళ్ళు తుడుచుకుని తమ్ముడికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది.

వడ్రంగి అప్పుడు కొత్త ఇంటి గుమ్మానికి ఆఖరి మేకు కొడుతున్నాడు. సుత్తి దించేశాడు. “నిన్న ఇక్కడే నిలబడి, బావని నేను తీసుకొస్తాను, నువ్వు తలుపు తెరిచి ఉంచు అన్నారే అయ్యగారు? నాతో ఒకటి, డాక్టరుతో ఒకటా అక్కా?” అన్నాడు. వడ్రంగికి కోపం వస్తే అరవడు, పని చేస్తాడు. నేరుగా చర్చికి వెళ్ళి తన పీఠాన్ని భుజాన ఎత్తుకుని బయటికి నడిచాడు.

సరిగ్గా అప్పుడే సంఘ పెద్ద ఎదురొచ్చాడు. ఆయన రైలు గార్డుగా పనిచేసి రిటైరయిన మనిషి. బండి దిగినా జెండా దింపలేదు. ఏం జరిగినా వెంటనే అందరికీ తెలియజెయ్యడం తన బాధ్యత అనుకుంటాడు. పీఠం వీధిలో నడిచి వెళ్ళడం చూసి ఉన్నపళాన పాస్టరుగారి ఇంటికి పరుగెత్తాడు.

పాస్టరుగారు వసారాలో కుర్చీలో కూర్చుని బుగ్గ పట్టుకుని ఉన్నారు. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. “అయ్యగారూ, పీఠం పోతోంది, తెలుసా?” అన్నాడు గార్డు. అయ్యగారు అదిరిపడి లేచారు. నోరు తెరవబోయారు. ఏదో గుర్తొచ్చి గట్టిగా మూసుకున్నారు. గార్డు కాగితం, కలం తెచ్చిచ్చాడు. అయ్యగారు కళ్ళు చికిలించి కాగితం దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, చివరకు తిరిగి ఇచ్చేసి చేతులు జోడించారు. ఆయన భార్య బళ్ళో టీచరు. ఆవిడ వచ్చేదాకా ఆ ఇంట్లో ఆయన తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు.

గార్డుకు అంతా అర్థమైపోయింది. పీఠం పోయిన దుఃఖంలో అయ్యగారు మౌనవ్రతం పట్టారు. దణ్ణం పెట్టారంటే సంఘానికి సెలవు చెప్పేశారన్నమాట.

అక్కడ్నుంచి వార్త క్లినిక్కి పేషెంట్లతో పాటే చేరింది. వచ్చిన ప్రతివాడూ నోరు తెరవమనకముందే తెరిచాడు. మొదటి పేషెంటు, అయ్యగారు అన్నం ముట్టడం లేదన్నాడు. తర్వాత వచ్చినావిడ, అయ్యగారు వేరే ఊరు వెళ్ళిపోతున్నారని, సామాను కట్టేశారని చెప్పింది. ఆ తర్వాత వచ్చిన ముసలాయన, అయ్యగారు వడ్రంగిని సంఘం నుంచి వెలివేశారని, అది కూడా పొద్దున ఈ కుర్చీలోనే, డాక్టరుగారి ఎదుటే తీర్మానించారని చెప్పి, “అవునా బాబూ?” అని అడిగాడు. డాక్టరు జవాబు చెప్పకుండా, పళ్ళు కడిగించుకోవడానికి వచ్చిన ఆయన నోట్లో అవసరం లేకపోయినా దూది కుక్కాడు.

మధ్యాహ్నం భార్య వచ్చింది. ఎప్పుడూ క్లినిక్ గుమ్మం తొక్కని మనిషి వచ్చి, పేషెంట్లు కూర్చునే బెంచీ చివర కూర్చుంది.

“ప్రార్థన ఆపేశాడు,” అంది. “వంటవాళ్ళని పంపేశాడు. ఆ ఇంటి గడప ఇంక ఎవరూ తొక్కక్కర్లేదట. అమ్మ ఏడుస్తోంది.” తలవంచుకునే అడిగింది. “అయ్యగారు నిజంగా అలా అన్నారా?”

“ఆఁ అన్నారు.”

ఆవిడ పైకి చూసింది. ఖాళీ కుర్చీని, దాని మీద వంగిన లైటును, గొట్టాన్ని చూసింది.

“నోరు తెరిచి ఉన్నప్పుడా, మూసి ఉన్నప్పుడా?”

అసిస్టెంటు అమ్మాయి గోడవైపు తిరిగి కడిగిన పట్టకారునే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. డాక్టరుకు చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళ కాపురంలో భార్య ఒక్క ప్రశ్నతో తనను ఇలా నిలబెట్టలేదు. ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. చెంగుతో మొహం తుడుచుకుని లేచింది. డాక్టరు సొరుగు తెరిచి, టిఫిను డబ్బా తీసుకుని ఆవిడ వెనకే నడిచాడు.

పాస్టరుగారి ముందుగదిలో కాలు పెట్టే చోటు లేదు. కుర్చీలో అయ్యగారు, చుట్టూ సంఘం. ఒక మూల ఆడవాళ్ళు ఉపవాస ప్రార్థనకు కూర్చున్నారు. ఇంకో మూల, ఆ ఉపవాసం అయ్యాక తినడానికి తెచ్చిన గిన్నెలున్నాయి. గార్డు చేతిలో విన్నపం పట్టుకుని చదవడానికి సిద్ధంగా ఉన్నాడు. వడ్రంగిని కూడా ఆయనే లాక్కొచ్చినట్టున్నాడు; గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. అప్పుడే బడి నుంచి వచ్చిన పాస్టరమ్మగారు చేతి సంచి కూడా దించకుండా, ఇంటి నిండా జనం ఎందుకున్నారో ఎవరైనా చెబుతారా అని అడుగుతోంది.

డాక్టరును చూడగానే అందరూ దారిచ్చారు. అయ్యగారు ఆఖరుగా మాట్లాడింది అతనితోనే కదా.

“అయ్యగారూ,” అన్నాడు డాక్టరు, “పొద్దున మీరన్న మాట అందరికీ ఒక్కసారి చెప్పండి.”

పాస్టరుగారు తల అడ్డంగా ఊపారు. డాక్టరు వైపు వేలు చూపించి, ఆ వేలు తన పెదవుల మీద పెట్టుకున్నారు.

డాక్టరుకు అప్పుడు వెలిగింది. మౌనవ్రతం లేదు, దుఃఖం లేదు. తను మాట్లాడొద్దన్నాడు, ఆయన మాట్లాడలేదు. పీఠం పోయినా, సంఘం మీద పడినా, ఇంటి నిండా జనం చేరినా, డాక్టరు చెప్పిన మాట దాటలేదు. “నేను రేపటిదాకా అన్నాను గానీ, ఇప్పుడు మాట్లాడొచ్చు అయ్యగారూ. రక్తం ఆగిపోయి ఉంటుంది” అన్నాడు నెమ్మదిగా.

“డాక్టరుగా చెబుతున్నట్టేనా?” అని చూపుతోనే అడిగారు అయ్యగారు. డాక్టరు తలూపాడు. ఆయన అటు తిరిగి దూది తీసేసి, జేబులోంచి ప్లాస్టిక్ డబ్బా తీసి డాక్టరు చేతిలో పెట్టారు.

“పొద్దున మీరేం అడిగారో నాకు తెలీదు. ఆ గొట్టం చప్పుడులో సగం వినబడలేదు. నేనన్నది మాత్రం ఒకటే మాట. అది కాదు, పక్కది.”

డాక్టరు డబ్బా తెరిచాడు. పన్ను ఎక్కడా మచ్చ లేకుండా, వేళ్ళతో సహా మల్లెమొగ్గలా ఉంది. తన వృత్తిలో అతను అంత ఆరోగ్యమైన పన్నును అంతకుముందెప్పుడూ పీకలేదు. నుదుటి చెమట తుడుచుకుందామని కోటు జేబులో చెయ్యి పెడితే రుమాలుతో పాటు అయ్యగారి కళ్ళజోడు బయటికొచ్చింది.

గార్డు విన్నపం మడిచి జేబులో పెట్టేసుకున్నాడు.

“మరి పొద్దున్నుంచీ ఈ నొప్పితో... ఒక్క మాట చెబితే పోయేది కదండీ?” అన్నాడు డాక్టరు.

“మీరు వద్దన్నారు కదా. పళ్ళ విషయంలో మీరు పెద్ద. పెద్ద చెప్పాక వినాలి.” అయ్యగారు కళ్ళజోడు తీసుకుని తుడిచి పెట్టుకున్నారు. అందులోంచి డాక్టరును తేరిపార చూశారు. “నా కుర్చీ తుడిచేవాళ్ళు చాలామంది ఉన్నారు డాక్టరుగారూ. మీ అంత బాగా ఎవరూ తుడవరు. కానీ నేను మీకు చెప్పింది ఒక్కటే పని.”

డాక్టరుకు సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది. ఇన్నేళ్ళూ ఈ మనిషి మాట అంటే ప్రాణమని నలుగురికీ చెప్పుకుంటూ తిరిగాడు. ఆ ప్రాణం పెట్టిన మాట ఒక్కటీ చెవి దాటి లోపలికి వెళ్ళలేదు. ఇంక వెతుక్కోవడానికి కొత్త వివరం ఏదీ మిగల్లేదు. గుమ్మం దగ్గరికి నడిచి వెళ్ళి బావమరిది ముందు నిలబడ్డాడు.

“తప్పు నాదేనయ్యా. నలుగురిలో నీ పనిని ఎగతాళి చేశాను. ఆ పీఠం బంగారంలాంటిది.”

వడ్రంగి కట్టుకున్న చేతులు విప్పాడు. కాసేపు గోళ్ళు చూసుకున్నాడు. “ఊగుతుంది బావా,” అన్నాడు చివరకు. “ఒక కాలు వెంట్రుకవాసి పొట్టి. ఆ రోజే తెలుసు నాకు. నువ్వు అన్నావని సరిచెయ్యలేదంతే. ఇవాళ కోపంగా ఇంటికి ఎత్తుకెళ్ళాక, ఊరికే కూర్చోలేక సరిచేశాను.”

మూలనుంచి అత్తగారు కొంగు తీసి, “అల్లుడుగారూ, నా పళ్ళు తెచ్చారా?” అంది. డాక్టరు టిఫిను డబ్బా అందించాడు. ఆవిడ అటు తిరిగి పెట్టుకుని, ఇటు తిరిగి కూతురిని చూసి నవ్వింది. భార్య తల్లి పక్కన కూర్చుని భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు చూడలేక డాక్టరు, ఉపవాసం కోసం తెచ్చిన గిన్నెలను లెక్కపెడుతున్నట్టు నటించాడు.

సాయంత్రం కొత్త ఇంట్లో ప్రార్థన జరిగింది. వంటవాళ్ళు వెళ్ళిపోయారు గనక ఉపవాసం గిన్నెలే విందుకు సరిపెట్టారు. పీఠం ఇంకా అక్కడే ఉంది గనక అయ్యగారు దాని వెనకే నిలబడి, బుగ్గ పట్టుకుని, నాలుగు ముక్కల్లో వాక్యం ముగించారు. పీఠం కదల్లేదు. అత్తగారు మొదటి పాట ఎత్తుకుంది. రెండో చరణంలో పళ్ళు ఒళ్ళో పడ్డాయి. అందరూ డాక్టరు వంక చూశారు. మర్నాడు వచ్చి సరిచేస్తానని అందరి ముందూ ఒప్పుకుని, ఆఖరి ప్రార్థన ముగియగానే అతను ఆమెన్ అన్నాడు. పక్కవాడికి మాత్రమే వినబడేంత మెల్లగా.

మర్నాడు పొద్దున పాస్టరుగారు మళ్ళీ క్లినిక్కి వచ్చారు. డాక్టరు కుర్చీ తుడవబోతే వద్దని తానే కూర్చున్నారు. తనతో మాట్లాడవలసిన సంగతులేవైనా ఉంటే ముందే చెప్పెయ్యమన్నారు. ఏమీ లేవన్నాడు డాక్టరు.

అప్పుడు అయ్యగారు నోరు తెరిచి, నొప్పి పెడుతున్న పన్ను మీద తన వేలు తానే పెట్టుకున్నారు. పన్ను బయటికి వచ్చేదాకా ఆ వేలు తియ్యలేదు.